బంగారు రంగు గోడ: కోడ్ ఒకటే అయినా రంగు ఎందుకు కలవదు?

తెనాలిలో మా అమ్మావాళ్ల ఇంట్లో హాల్లో టీవీ వెనక గోడ ఒక్కటే బంగారు రంగు. మిగతా మూడూ మీగడ రంగు. వేయించి ఆరేళ్లయింది. మొన్న వేసవిలో ఏసీ పెట్టించినప్పుడు పైపు కోసం కన్నం కొట్టిన కుర్రాడు చేటంత పెచ్చు ఊడగొట్టాడు. లప్పం పెట్టి, ప్రైమర్ కొట్టి, ఆ మేరకు రంగు వేస్తే సరిపోతుందనుకున్నాం. పాత డబ్బా మూత మీద రంగు కోడ్ ఉన్న స్టిక్కర్ ఫోటో నా ఫోన్‌లో భద్రంగానే ఉంది. కానీ ఆ కంపెనీ రంగులు అమ్మే కొట్టు మూసేసి ఏడాది దాటింది. పక్క బజారులో వేరే కంపెనీ షాపు ఉంటే వెళ్లాను.

"కోడ్ చెప్పండి సార్ చాలు, ఏ కంపెనీ షేడైనా మన మిషన్‌లో వచ్చేస్తది" అన్నాడు కౌంటర్ దగ్గర కుర్రాడు. నిజంగానే కోడ్ కొట్టగానే కంప్యూటర్‌లో ఫార్ములా వచ్చింది. ఒక లీటరు కలిపించుకొచ్చాం. మర్నాడు పొద్దున చూస్తే అతుకు ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది. మేస్త్రీ డబ్బులు తీసుకుని వెళ్లిపోయాడు.

సాయంత్రం ఆరున్నరకు అమ్మ లైటు వేసింది. గోడ మధ్యలో చేటంత మేర పచ్చగా తేలింది. "ఏరా, గోడకు ఆకుపసరు పట్టు వేసినట్టుందేంటి?" అంది.

పొద్దున కలిసిన రంగు సాయంత్రానికి ఎలా విడిపోయింది? షాపు కుర్రాడు అబద్ధం చెప్పలేదు, మిషన్ చెడిపోలేదు, మేస్త్రీ కల్తీ చేయలేదు. ఇది అర్థం కావాలంటే ముందు ఆ కోడ్ అనేది ఏమిటో చూడాలి.

కోడ్ అంటే రంగు కాదు

ఇప్పుడు చాలా రంగులు ఫ్యాక్టరీ నుంచి రంగుగా రావు. వచ్చేది బేస్. తెల్లగానో, గాఢమైన షేడ్లకైతే దాదాపు రంగు లేకుండా పాలలాగానో ఉంటుంది. రంగు చుక్కలకు చోటు ఉండేలా ఆ బేస్‌ను డబ్బాలో కొంచెం వెలితిగా నింపుతారు. షాపులో ఉన్న టింటింగ్ మిషన్‌లో డజనో పదహారో గొట్టాలుంటాయి. ఒక్కోదాంట్లో ఒక్కో గాఢమైన రంగు ముద్ద. కోడ్ కొడితే ఏ గొట్టం నుంచి ఎన్ని మిల్లీలీటర్లు వదలాలో కంప్యూటర్ చెబుతుంది. అంటే కోడ్ ఒక వంటకం పేరు లాంటిది. వంట మాత్రం ఆ షాపులో ఉన్న దినుసులతోనే జరుగుతుంది.

ఇక్కడే చిక్కు. ఏషియన్ పెయింట్స్ వాళ్ల బేస్, బర్జర్ వాళ్ల బేస్, నెరోలాక్ వాళ్ల బేస్, డ్యూలక్స్ వాళ్ల బేస్ ఒకటి కావు. తెలుపునిచ్చే టైటానియం డయాక్సైడ్ ఒక్కోదాంట్లో ఒక్కో పాళ్లలో ఉంటుంది. గొట్టాల్లోని ముద్దల గాఢత కూడా ఎవరిది వాళ్లదే. ఒక కంపెనీ మూత మీద ఉన్న మిల్లీలీటర్ల లెక్కను ఇంకో కంపెనీ మిషన్‌లో యథాతథంగా కొడితే వచ్చేది వేరే రంగు.

మరి ఆ కుర్రాడి కంప్యూటర్‌లో వేరే కంపెనీ కోడ్ ఎలా ఉంది? పోటీ కంపెనీ షేడ్ కార్డును తెచ్చుకుని, అందులో ఒక్కో ముక్కనూ యంత్రంతో కొలిచి, తమ దినుసులతో దానికి దగ్గరగా వచ్చే ఫార్ములా రాసి పెట్టుకుంటారు. అంటే మా గోడకూ నేను కొన్న డబ్బాకూ మధ్య ఎన్ని మెట్లున్నాయో చూడండి. మొదటి కంపెనీ అనుకున్న రంగు, వాళ్ల షేడ్ కార్డు మీది ముక్క, రెండో కంపెనీ ఆ ముక్కను కొలిచిన కొలత, దాన్ని బట్టి రాసిన ఫార్ములా, మా షాపు మిషన్ వదిలిన చుక్కలు. ప్రతి మెట్టు దగ్గరా కొంచెం జారుతుంది. పైగా ఈ వరసలో మా గోడ ఎక్కడా లేదు. ఆరేళ్లు ఎండా, దుమ్మూ, అగరుబత్తి పొగా తిన్న గోడను ఎవరూ కొలవలేదు.

బంగారానికే ఎందుకింత పేచీ

మీగడ రంగో, లేత బూడిద రంగో అయితే ఇంత గొడవ ఉండేది కాదు. కొంచెం అటూ ఇటూ అయినా కన్ను సర్దుకుపోతుంది. పసుపు జాతి రంగులతో అలా కాదు.

తెలుగులో ఒక వింత ఉంది. పచ్చకామెర్లు అన్నప్పుడు పచ్చ అంటే పసుపు. పచ్చగడ్డి అన్నప్పుడు ఆకుపచ్చ. పసుపు, పసిడి, పసిమి, పచ్చ అన్నీ ఒకే కుదురులోంచి వచ్చిన మాటలు. మన పూర్వీకులకు తేడా తెలియక కాదు, ఆ రెండూ అంత పక్కపక్కనే ఉంటాయి మరి. పసుపు పెయింటులో ఒక్క చుక్క నలుపు వేసి చూడండి. ఎరుపో నీలమో అయితే ముదురు ఎరుపో ముదురు నీలమో అవుతుంది. పసుపు ముదురు పసుపు కాదు, ముదురు ఆలివ్ ఆకులాగా ఆకుపచ్చగా మారుతుంది. షాపులో "కొంచెం పచ్చగా వచ్చింది" అంటే కుర్రాడు పసుపు ఎక్కువైందనుకునే ప్రమాదం కూడా ఉంది. "ఆకుపచ్చ వైపు పోయింది" అని విడమరిచి చెప్పడం మేలు.

అసలు గోడకు వేసే బంగారు రంగు అంటే ఏమిటి? నగలో బంగారం మెరుస్తుంది, ఆ మెరుపుతో సగం పని అయిపోతుంది. గోడకు మెరుపు లేదు. మెరుపు తీసేస్తే మిగిలేది గోధుమ ఛాయ కలిసిన పసుపే: పండిన వరి చేను, తేనె, అరగదీసిన గంధం, బంగినపల్లి తొక్క మధ్యలో ఎక్కడో. దాన్ని తయారుచేయాలంటే పసుపు ఒక్కటే చాలదు. కొంచెం ఎరుపు వెచ్చదనాన్నిస్తుంది, నలుపో గోధుమో కొంచెం పడితే కళ్లలో కొట్టే గుణం తగ్గుతుంది. ఎరుపు ఒక చుక్క ఎక్కువైతే నారింజ వైపు, నలుపు ఒక చుక్క ఎక్కువైతే ఆకుపచ్చ వైపు. కంసాలి దగ్గరా ఇదే కథ. 916 అంటే వెయ్యి పాళ్లలో 916 బంగారం, మిగతాది రాగి, వెండి లాంటి లోహాలు. ఆ మిగతాదాంట్లో రాగి పెరిగితే నగ ఎర్రన, వెండి పెరిగితే పాలిపోయిన పచ్చన. రెండూ 22 క్యారెట్లే, పక్కపక్కన పెడితే రెండు రంగులు.

ఇక దినుసుల సంగతి. గోడ రంగుల్లో పసుపు ప్రధానంగా రెండు రకాలుగా వస్తుంది. ఒకటి యెల్లో ఆక్సైడ్, అంటే ఐరన్ ఆక్సైడ్. తుప్పుకు దగ్గరి చుట్టం. ఉమ్మడి కర్నూలు జిల్లా బేతంచెర్ల వైపు నేలలో దొరికే పసుపు మట్టిలో ఉన్నదీ ఇలాంటిదే, ఫ్యాక్టరీలో చేసేది మరింత శుద్ధంగా ఉంటుంది. మందకొడి రంగు, కానీ గట్టిది. ఎండకు వెలవదు, సున్నానికి చెడదు, కింది రంగును బాగా కప్పుతుంది. రెండోది కర్బన రసాయనాలతో చేసే పసుపు. నిమ్మపండులాగా మిలమిలలాడుతుంది. అయితే ఈ రకంలో చాలావాటికి కప్పే గుణం తక్కువ, ఎండకు ముందు వెలిసేదీ సాధారణంగా ఇదే. సున్నానికి రంగు మారడమంటే ఏమిటో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు, పసుపులో సున్నం కలిపి పారాణి చేసుకునే వాళ్లం. గోడలోని సిమెంటు కూడా సున్నం లాంటిదే. అందుకే కొత్త ప్లాస్టరింగ్ ఆరకముందే రంగు వేయొద్దంటారు.

పాత ఇళ్ల తలుపుల మీది ఎనామెల్ పసుపుల్లో మూడో రకం ఉండేది, సీసంతో చేసే క్రోమ్ యెల్లో. మన దేశంలో 2016లో తెచ్చిన నిబంధనలతో ఇళ్ల రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90) దాటకూడదు, 2017 నవంబరు నుంచి అది అమల్లోకి వచ్చింది. ముప్పై నలభై ఏళ్ల నాటి పసుపు తలుపును అచ్చంగా అలాగే మ్యాచ్ చేయమంటే కుదరకపోవడానికి అదీ ఒక కారణం. అలాంటి తలుపును పొడిగా గీకించకండి, ఆ దుమ్ము పిల్లలకు విషం.

ఇప్పుడు మా గోడ కథలోకి వద్దాం. ఒక కంపెనీ ఆ బంగారు రంగును ఎక్కువగా యెల్లో ఆక్సైడ్‌తో తీసిందనుకుందాం. రెండో కంపెనీ మెరిసే కర్బన పసుపు తీసుకుని, రెడ్ ఆక్సైడ్, నలుపు చుక్కలతో దాన్ని అణిచి, అదే రంగు తెప్పించింది. పగటి వెలుతురులో రెండూ ఒకటే. కానీ లోపలి సరుకు వేరు.

మ్యాచింగ్ సెంటర్‌లో మన అమ్మలు చేసే పని

జాకెట్టు ముక్క కోసం మ్యాచింగ్ సెంటర్‌కు వెళ్లిన ఆడవాళ్లను గమనించండి. చీరను ముక్క పక్కన పెట్టి చూస్తారు, తృప్తి ఉండదు, రెండూ పట్టుకుని కొట్టు గుమ్మం దాటి వీధి వెలుతురులోకి వస్తారు. లోపల అచ్చంగా కలిసింది బయట తేడా కొడుతుందని వాళ్లకు అనుభవం. ఈ గుణానికి శాస్త్రంలో మెటామెరిజం అని పేరు.

మన కంట్లో రంగును పట్టే కణాలు మూడు రకాలే. గోడ మీది నుంచి వచ్చే వెలుతురులో ఊదా నుంచి ఎరుపు దాకా రకరకాల తరంగాలుంటాయి. కన్ను వాటినన్నిటినీ విడివిడిగా లెక్కపెట్టదు, మూడు మొత్తాలుగా కూడి పారేస్తుంది. ఇంటి ఖర్చు అంతా పాలు, కూరలు, కరెంటు అని మూడే పద్దుల్లో రాసినట్టు. ఇద్దరి పద్దులూ ఒకటే కావచ్చు, సంచిలోని కూరగాయలు ఒకటే కానక్కర్లేదు. రెండు పెయింట్లు వేర్వేరు తరంగాలను వెనక్కి పంపుతున్నా మూడు మొత్తాలూ సమానమైతే కంటికి ఒకే రంగు. మీద పడే వెలుతురు మారితే కూడిక మారుతుంది, సమానం పోతుంది.

పగటి వెలుతురులో అన్ని తరంగాలూ దాదాపు నిండుగా ఉంటాయి. ఎల్ఈడీ అలా కాదు. దాని లోపల ఉండేది నీలం దీపం, దాని మీద పసుపు పూత. 450 నానోమీటర్ల (తరంగం పొడవును కొలిచే కొలమానం) దగ్గర నీలం ఒక్కసారి లేస్తుంది, ఆ తర్వాత కొంచెం గొయ్యి, ఆ పైన పసుపు వైపు పెద్ద మిట్ట. పసుపు దినుసులు వెలుతురును మింగడం ఆపి వెనక్కి పంపడం మొదలుపెట్టేది సరిగ్గా ఆ గొయ్యికీ మిట్టకూ మధ్యలోనే. కర్బన పసుపు అక్కడ నిట్టనిలువుగా లేస్తుంది, యెల్లో ఆక్సైడ్ ఏటవాలుగా ఎక్కుతుంది. అందుకే పగలు కవల పిల్లల్లా ఉన్నవి ఎల్ఈడీ ట్యూబ్‌లైటు కింద విడిపోతాయి. మన ఇళ్లలో ఎక్కువగా వాడేది 6500 కెల్విన్ తెల్లటి ఎల్ఈడీ, అది పగటి వెలుతురును పోలి ఉంటుంది కాబట్టి తేడా రాదనుకుంటాం. పోలి ఉండేది కంటికే, లోపలి తరంగాల్లో కాదు. 3000 కెల్విన్ వెచ్చటి బల్బులు పెట్టుకున్న వాళ్లకు బంగారు రంగు మరింత నిండుగా కనిపిస్తుంది, రంగు విడిపోవడం మాత్రం అక్కడా ఉంటుంది.

రంగు కొలిచే యంత్రానికి ఈ సంగతి తెలుసు. స్పెక్ట్రోఫోటోమీటర్ అనే ఆ డబ్బా కన్నులా మూడు మొత్తాలు తీసుకోదు. 400 నుంచి 700 నానోమీటర్ల దాకా పది పది చొప్పునో, ఇరవై ఇరవై చొప్పునో విడివిడిగా కొలుస్తుంది. ఫార్ములా వెతికేటప్పుడు పగటి వెలుతురు కింద తేడా ఎంత, పాతకాలపు ఫిలమెంట్ బల్బు కింద ఎంత, షాపుల్లో వాడే ట్యూబ్‌లైటు కింద ఎంత అని వేరువేరుగా చూపించే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. చాలాచోట్ల కుర్రాళ్లు మొదటి అంకె చూసి ఓకే నొక్కేస్తారు. "తమ్ముడూ, మిగతా లైట్ల కింద తేడా ఎంత చూపిస్తోంది? ఇంకో ఫార్ములా ఏమైనా ఉందా?" అని అడిగితే ఒక్కోసారి నాలుగైదు ఫార్ములాల జాబితా తెరుస్తారు. నేను మొదటిసారి అడగలేదు. అడగొచ్చని తెలియదు.

తేడా ఎంత అనేదాని కంటే ఎటు అనేది

ఆ అంకె గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే బంగారు రంగు దగ్గర అది మోసం చేస్తుంది. రంగును మూడు అంకెలుగా రాసే పద్ధతి ఒకటి 1976 నుంచి వాడుకలో ఉంది. మొదటిది వెలుగు, 0 అంటే నలుపు, 100 అంటే తెలుపు. రెండోది ఆకుపచ్చకూ ఎరుపుకూ మధ్య ఎక్కడుందో చెబుతుంది. మూడోది నీలానికీ పసుపుకూ మధ్య ఎక్కడుందో. ఒక వెచ్చటి బంగారు రంగును 78, 8, 42 అనుకుందాం. రెండు రంగుల మధ్య దూరాన్ని డెల్టా ఈ అంటారు. స్థూలంగా 1 లోపైతే మామూలు కంటికి పట్టదు, 2, 3 అయితే పక్కపక్కన పెడితే తెలుస్తుంది.

ఇప్పుడు రెండు డబ్బాలు వచ్చాయనుకోండి. ఒకటి 78, 6, 42. ఎరుపు రెండు పాళ్లు తగ్గింది, అంటే కాస్త ఆకుపచ్చ వైపు వాలింది. దూరం 2. రెండోది 78, 8, 45. పసుపు మూడు పాళ్లు పెరిగింది. దూరం 3. అంకెను నమ్మితే మొదటి డబ్బా మంచిది. గోడ మీద వేస్తే మాత్రం మొదటిదే కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. గాఢమైన పసుపుల్లో రంగు ఇంకొంచెం గాఢంగా ఉంటే కన్ను పట్టించుకోదు, పక్కకు వాలితే పట్టేస్తుంది. ఈ లోపాన్ని సరిచేస్తూ 2000లో కొత్త సూత్రం వచ్చింది. దానితో లెక్కేస్తే మొదటి డబ్బా తేడా దాదాపు 1.5, రెండోది 1.1. తారుమారైంది చూడండి. అందుకే తేడా ఎంత అని మాత్రమే కాదు, ఎటు అని కూడా అడగాలి. బంగారు రంగులో తప్పదనుకుంటే ఎరుపు వైపు కొంచెం తప్పితే ఇంట్లో ఎవరూ అనరు. ఆకుపచ్చ వైపు తప్పితే ఇంటికొచ్చిన ప్రతి చుట్టమూ అడుగుతాడు.

ఇంటర్నెట్‌లో "ఈ కంపెనీ ఈ షేడ్‌కు ఆ కంపెనీ ఆ షేడ్ సమానం" అని చూపించే పట్టికలు చాలావరకు ఈ అంకెల దూరం లెక్కేసి దగ్గరగా ఉన్న పేరు చూపిస్తాయి, అంతే. లోపలి దినుసులు, వెలుతురు, మెరుపు అక్కడ లెక్కలోకి రావు. వెతుకులాట మొదలుపెట్టడానికి పనికొస్తాయి. అమెరికాలో ఉన్న మా బాబాయి కొడుకు వాళ్ల డైనింగ్ గోడ చూపించి "ఇది మీకూ బాగుంటుంది అన్నయ్యా" అని అక్కడి పెయింట్ కంపెనీ బెంజమిన్ మూర్ వాళ్ల హెచ్‌సీ-4, హాథార్న్ యెల్లో అని వాట్సాప్‌లో పంపాడు, ఫోటోతో సహా. అక్కడి వాళ్లు షెర్విన్ విలియమ్స్ అనే ఇంకో కంపెనీ షాపుకెళ్లినా ఇదే తంతు, వాళ్ల హంబుల్ గోల్డ్ వాళ్లది, వీళ్ల యెల్లో వీళ్లది. పేరులో గోల్డ్ ఉన్నంత మాత్రాన అది బంగారం కాదు, యెల్లో ఉన్నంత మాత్రాన అది పసుపూ కాదు. ఫోటో అయితే మరీ నమ్మకూడదు. ఫోన్ కెమెరా వెచ్చటి వెలుతురు కనిపిస్తే దాన్ని తెల్లగా దిద్దాలని చూస్తుంది. గది నిండా బంగారు గోడ ఉంటే దానికి ఏది గోడ రంగో, ఏది బల్బు రంగో తేలదు. అదే గోడను పొద్దున, రాత్రి తీసి చూడండి, రెండు ఇళ్లనిపిస్తుంది.

రెండోసారి ఏం చేశాం

ఈసారి గోడనే షాపుకు తీసుకెళ్లాను. అంటే దాని ముక్కను. యంత్రం కన్ను కింద పెట్టడానికి రూపాయి బిళ్లంత సమంగా ఉన్న ముక్క కావాలి, అది ఏ అంచులోనూ లప్పం బయటపడకుండా ఉండాలి కాబట్టి రెండంగుళాల చదరం కోయడం మంచిది. బ్లేడుతో నాలుగు గీతలు గీసి, వెనక లప్పం పొరతో సహా నెమ్మదిగా లేపాలి. ఎక్కడ కోయాలన్నది అసలు ప్రశ్న. మొదట స్విచ్‌బోర్డు ప్లేటు విప్పి చూశాను. రంగు వేసేటప్పుడు ప్లేట్లు తీసి వేశారేమో, దాని అంచు కింద అరంగుళం పట్టీ ఆరేళ్ల నాటి బంగారు రంగుతో కొత్తగా ఉంది. చుట్టూ గోడ దానికంటే వెలిసి, కాస్త బూడిద పట్టి ఉంది. గోడంతా మళ్లీ వేసుకునే వాళ్లకు ఆ పట్టీ నిధి. అతుకు వేసుకునే వాళ్లకు దాంతో పనిలేదు. నాకు కావాల్సింది ఇప్పటి గోడ. దెబ్బతిన్న చోటు పక్కనే, కిటికీ నుంచి అంతే దూరంలో ఉన్న చోట, తడిగుడ్డతో తుడిచి, ఆరనిచ్చి కోశాను. తుడవకపోతే యంత్రం దుమ్మును కూడా రంగుగా కొలుస్తుంది.

ముక్క పట్టుకుని వెళ్తే ఇంకో తప్పు బయటపడింది. పాత గోడది మ్యాట్ ఫినిష్. మొదటిసారి నేను తెచ్చింది కాస్త మెరుపు ఉండే రకం. మెరుపు తక్కువైన గోడ మీద పడిన వెలుతురు అన్ని వైపులకూ చెదిరి, రంగు మీద పల్చటి తెల్లటి తెర వేసినట్టవుతుంది. మెరుపున్న గోడ ఆ తెల్లటి వెలుతురును ఒక్క వైపుకే విసిరేస్తుంది, మిగతా వైపుల నుంచి చూస్తే రంగు ముదురుగా, నిండుగా కనిపిస్తుంది. మెరుపును కలుపుకుని కొలిచే యంత్రాలు, వదిలేసి కొలిచే యంత్రాలు రెండూ ఉన్నాయి. రంగు అంకెలు అచ్చంగా కలిసినా ఫినిష్ కలవకపోతే గోడ మీద అతుకు దాగదు. కోడ్ కంటే ముందు అడగాల్సింది ఇదేనని ఇప్పుడు అనిపిస్తోంది.

కలిపించే పరిమాణంలోనూ ఒక మెలిక ఉంది. ఇరవై లీటర్ల బకెట్‌కు నలుపు రెండు మిల్లీలీటర్లు పడాలనుకోండి. లీటరుకైతే 0.1. చిన్న శాంపిల్ డబ్బాకైతే 0.02. గొట్టం వదలగలిగిన అతి చిన్న చుక్కకు ఒక హద్దుంటుంది, అంతకంటే తక్కువైతే మిషన్ సరిగా వదలలేదు. ఆ ఒక్క చుక్క నలుపు మీదే మన బంగారం ఆకుపచ్చకు పోకుండా ఆగి ఉంది. అందుకని చిన్న డబ్బాలో చూసి మురిసిన షేడ్ పెద్ద బకెట్‌లో కొంచెం తేడాగా రావచ్చు. పెద్ద పనికి రెండు మూడు బకెట్లు తెస్తే అన్నీ ఒకే డ్రమ్ములో పోసి కలిపి వేసే మేస్త్రీకి ఇంకో వంద ఎక్కువిచ్చినా తప్పులేదు.

కుర్రాడు ముక్కను కొలిచి, కలిపి, అట్టముక్క మీద రాసి, హెయిర్ డ్రయర్‌తో ఆరబెట్టి మళ్లీ కొలిచాడు. తడిగా ఉన్నప్పుడు చూసి నిర్ణయించకూడదు. ఎమల్షన్‌లో, అంటే నీళ్లు కలిపి వేసే గోడ రంగులో, బంక తడిగా ఉన్నంతసేపూ పాలలా తెల్లగా ఉండి రంగును లేతగా చూపిస్తుంది, ఆరాక పారదర్శకమై రంగు ముదురుతుంది. సున్నం వేసిన రోజుల్లో ఇందుకు ఎదురు: తడి గోడ నల్లగా భయపెట్టి ఆరాక తెల్లగా తేలేది. మా మేస్త్రీ ఆ రోజుల మనిషి. ఎమల్షన్‌ను కూడా తడి మీద చూసి "ఆరితే తేలతది అమ్మగారూ" అంటాడు. తేలదు.

మొదటి కొలతలో ఎరుపు తక్కువ చూపించింది. రెడ్ ఆక్సైడ్ ఒక చిన్న చుక్క వేశాడు. సవరణలో వేయడమే ఉంటుంది, తీయడం ఉండదు, చారులో ఉప్పులాగా. నలుపు ఎక్కువైతే దాన్ని విరగ్గొట్టడానికి మళ్లీ బేస్ పోయాలి, మళ్లీ పసుపు వేయాలి, లీటరు కాస్తా మూడు లీటర్లవుతుంది. అందుకని కొంచెం తక్కువ నలుపుతో, కొంచెం శుభ్రంగా మొదలుపెట్టమని ముందే చెప్పడం మంచిది. మేస్త్రీలు దగ్గర పెట్టుకునే చిన్న స్టెయినర్ (గాఢ రంగు) సీసాలతో, యెల్లో ఆక్సైడ్, బర్న్ట్ సియెన్నా (ఎర్రటి గోధుమ) లాంటివాటితో, ఇంటి దగ్గర దిద్దుకోవడం కూడా కుదురుతుంది. చెయ్యి తిరిగిన మనిషైతే యంత్రం కంటే బాగా దిద్దుతాడు. కాకపోతే ఆ రంగు మళ్లీ కావాలంటే ఆయనకు కూడా రాదు.

అట్టముక్క ఇంటికి తెచ్చి గోడకు టేపుతో అంటించాం. పొద్దున చూశాం, మధ్యాహ్నం కిటికీ తెర తీసి చూశాం, రాత్రి ట్యూబ్‌లైటు వేసి చూశాం, అది ఆపి పూజగదిలోంచి వచ్చే చిన్న పసుపు బల్బు వెలుతురులో చూశాం. రాత్రి పూట ఇంకా ఒక వెంట్రుకవాసి తేడా ఉంది. దినుసులు వేరైనప్పుడు అది పూర్తిగా పోదు. ఎంత తగ్గించుకోగలమన్నదే.

ఆ వెంట్రుకవాసిని దాచడం రంగు షాపులో జరిగే పని కాదు. గోడ మధ్యలో చేటంత అతుకు వేస్తే అంచు చుట్టూ పాతా కొత్తా ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. కన్ను పక్కపక్కనున్న రెండు రంగుల మధ్య గీతను పట్టినంత గట్టిగా దేన్నీ పట్టదు. అదే గోడంతా ఒక మూల నుంచి ఇంకో మూల దాకా, కింది స్కర్టింగ్ నుంచి పైకప్పు దాకా కొత్త రంగు వేసేస్తే ఆ గీతే ఉండదు. మా హాల్లో బంగారు గోడ ఒక్కటే కాబట్టి ఇబ్బంది లేదు. రెండు గోడలు అదే రంగున్నా ఒక్కటి వేసుకుంటే చాలు. మూల దగ్గర ఒక గోడకు కిటికీ వెలుతురు ఎదురుగా పడుతుంది, ఇంకోదానికి పక్కనుంచి పడుతుంది. ఒకే డబ్బాలోంచి వేసిన రెండు గోడలు కూడా మూలలో రెండు రంగులుగానే కనిపిస్తాయి, మనం పుట్టినప్పటి నుంచీ అలా చూస్తూనే ఉన్నాం కాబట్టి తేడా అనుకోం.

లీటరు చాలదని ఇంకో మూడు లీటర్లు అదే పూట, అదే బ్యాచ్ బేస్‌తో కలిపించి, నాలుగూ ఒకే బకెట్‌లో పోయించాను. రోలర్‌తో రెండు కోట్లు వేశారు. ఆరున్నరకు అమ్మ లైటు వేసి, కుర్చీ వెనక్కి జరుపుకుని, కాసేపు చూసింది. "ఇప్పుడు బాగుంది. కానీ ఏరా, మనది ముందు ఇంకొంచెం లేతగా ఉండేది కదూ?" అంది. స్విచ్‌బోర్డు ప్లేటు ఇంకా బిగించలేదు. కింద పాత పట్టీ అలాగే ఉంది. చూపిస్తే, అది కొత్త గోడ కంటే ముదురుగా ఉంది.